ఫుట్‌పాత్ మీద, బ్యారక్‌లో: కడుపులో పురుగుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వారంలో ఒక రాత్రి హైదరాబాద్‌లో ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే షెల్టర్ల దగ్గర వైద్య శిబిరానికి వెళ్తుంటాను. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. డబ్బాలో తెచ్చిచ్చిన మలాన్ని స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూడటం నా పని. షెల్టర్‌లో ఉండేవాళ్లు, షెల్టర్ నడిపేవాళ్లు, కొడుకో భర్తో జైల్లో ఉన్న ఆడవాళ్లు అక్కడ నన్ను అడిగే ప్రశ్నలే ఇవి. మందుల సంగతులన్నీ డాక్టర్లు చెప్పగా నేర్చుకున్నవి. మీ ఒంటికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది మాత్రం డాక్టరే చెప్పాలి.

ఇల్లు లేనివాళ్లకీ ఖైదీలకీ కడుపులో పురుగులు ఎక్కువంటారు. శుభ్రంగా ఉండకపోవడం వల్లేనా?

కాదు. శుభ్రంగా ఉండాలంటే నీళ్లు, సబ్బు, గడియ ఉన్న మరుగుదొడ్డి, ఒక మారుబట్ట కావాలి. ఈ నాలుగూ ఇంట్లో ఉన్నవాళ్లు లేనివాణ్ని పట్టుకుని శుభ్రత లేదనడం అన్యాయం.

రైల్వేస్టేషన్ బయట పడుకునే ఒక పెద్దాయన తన రోజు ఎలా గడుస్తుందో నాకు చెప్పాడు. డబ్బులిచ్చి వెళ్లే మరుగుదొడ్డికి రాత్రి తాళం పడుతుంది. పగలు తెరిచి ఉన్నా వెళ్లిన ప్రతిసారీ చిల్లర కావాలి. విరేచనాలు పట్టుకున్న రోజు ఆరుసార్లు వెళ్లాలంటే ఆ డబ్బుతో ఒక పూట భోజనం వస్తుంది. అందుకని చీకటి పడ్డాక పట్టాల పక్కకి వెళ్తాడు. అక్కడికే ఇంకా పదిమంది వస్తారు. చేతులు కడుక్కోవడానికి అతని దగ్గరున్నది తాగడానికి దాచుకున్న సీసాలో నీళ్లే. "తాగనా, కడుక్కోనా?" అని నన్నే అడిగాడు.

జైల్లో మరుగుదొడ్డి ఉంటుంది, కానీ సరిపోదు. సాయంత్రం లాకప్ చేసిన దగ్గర్నుంచి తెల్లారి తలుపు తీసేదాకా బ్యారక్‌లో ఉన్నవాళ్లందరికీ లోపలున్న ఒకటో రెండో దొడ్లే దిక్కు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే అందులో 5,73,220 మంది ఉన్నారు. వందమంది పట్టే చోట 131 మందన్నమాట. వాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు నేరం రుజువు కాని రిమాండ్ ఖైదీలే.

కడుపులో పురుగులంటే నట్టలేనా? ఇంకేమైనా ఉంటాయా?

మన ఊళ్లలో అన్నిటినీ కలిపి నట్టలనో నులిపురుగులనో అనేస్తాం. మందు మారుతుంది కాబట్టి విడివిడిగా తెలుసుకోవడం మంచిది.

జానెడుకు మించి పొడవుండే వానపాము లాంటివి ఏలికపాములు. ఒక్క ఆడపురుగు రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. అవి మలంతో మట్టిలో కలిసి, రెండు మూడు వారాల్లో ముదిరి, కూరగాయల మీదుగానో చేతుల మీదుగానో నోట్లోకి చేరతాయి. మట్టిలో ఏళ్ల తరబడి బతికుండగలవు. రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టే తెల్లదారాల్లాంటివి నులిపురుగులు. పేగు గోడను కరుచుకుని రక్తం తాగేవి కొంకిపురుగులు. ఇవికాక కొరడా పురుగులు, బద్దెపురుగులు ఉన్నాయి.

కంటికి కనిపించనివీ ఉన్నాయి. జిగట విరేచనాలు తెచ్చే అమీబా, కుళ్లిన గుడ్డు వాసనతో తేన్పులు, గ్యాస్, జిడ్డు విరేచనాలు తెచ్చే జియార్డియా. ఇవి పురుగులు కావు, ఏకకణ జీవులు. జనం కిక్కిరిసిన గదుల్లో నేను ఎక్కువ భయపడేది వీటికే. ఎందుకంటే ఇవి మట్టిలో ముదరాల్సిన పనిలేదు. బయటికొచ్చిన క్షణం నుంచే ఇంకొకరికి అంటుకోగలవు.

పక్కన పడుకుంటే, ఒకే పళ్లెంలో తింటే అంటుకుంటాయా?

కొంకిపురుగు, ఏలికపాము అలా అంటుకోవు. వాటి గుడ్లు మట్టిలో కొన్ని రోజులు గడపాలి. కాబట్టి పురుగులున్నాయని తెలిసిన మనిషిని దూరం పెట్టడం, అతని కంచం వేరు చేయడం అనవసరం. అలా చేస్తే రెండోసారి ఎవరూ పరీక్షకు రారు.

నులిపురుగులు మాత్రం పక్కబట్టల మీదుగా, గోళ్ల మీదుగా పాకుతాయి. వాటి గుడ్లు దుప్పట్ల మీద రెండు వారాల పైన కూడా బతుకుతాయి. బ్యారక్‌లోనో షెల్టర్ హాల్లోనో ఒక్కరికి కనిపిస్తే, పక్కపక్కన పడుకునేవాళ్లందరికీ ఒకే రోజు మాత్ర వేయాలి, రెండు వారాలకు మళ్లీ వేయాలి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఒక్కడికే మందిచ్చి పంపితే నెల తిరగకుండా మళ్లీ వాడే వస్తాడు. అమీబా, జియార్డియా నీళ్ల తొట్టి మీదుగా, వంట చేసేవాళ్ల చేతుల మీదుగా అందరికీ చేరతాయి.

చెప్పులు లేకుండా నడిస్తే పురుగులు వస్తాయన్నది నిజమేనా?

నిజమే, కొంకిపురుగుల విషయంలో. గుడ్డు తడి, నీడ ఉన్న మట్టిలో ఒకట్రెండు రోజుల్లో పొదుగుతుంది. వారం పది రోజుల్లో ఆ పిల్లపురుగు చర్మంలోంచి దూరేంతగా ఎదుగుతుంది. పుండు ఉండక్కర్లేదు. అరికాలి అంచునో వేళ్ల సందునో దూరుతుంది. అక్కడ రెండు మూడు రోజులు విపరీతమైన దురద. తర్వాత రక్తంలో కొట్టుకుని ఊపిరితిత్తులకు వెళ్లి, గొంతులోకి పాకి, మింగినప్పుడు పేగులోకి చేరుతుంది. అక్కడ ఏళ్ల తరబడి ఉంటుంది.

మన దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే రకం ఒక్కోటి రోజుకు 0.03 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. లెక్కలోకి రాదనిపిస్తుంది. వంద పురుగులుంటే నెలకు 90 మిల్లీలీటర్లు. రోజుకు ఒక్క పూట తినేవాడు ఆ లోటును ఏం తిని పూడ్చుకోవాలి?

ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లలో చాలామంది చెప్పులు తల కింద పెట్టుకుని పడుకుంటారు. కాళ్ల దగ్గర విడిస్తే పొద్దున్నకి ఉండవు. ఒకామె రెండు చెప్పులనీ చీర కొంగులో మూటగట్టుకుని పడుకోవడం చూశాను. తెల్లవారుజామున లేచి కటికచీకట్లో మూట విప్పే ఓపిక లేక వట్టికాళ్లతోనే వెళ్లొచ్చేది. ఆమె రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 6 దగ్గరుంది. గర్భిణి కాని ఆడవాళ్లకు 12 ఉండాలి.

జైళ్లలో నేలంతా గచ్చే కాబట్టి బ్యారక్ లోపల ఈ పురుగు భయం తక్కువ. పొలం పనికి వెళ్లేవాళ్ల సంగతి వేరు. చర్లపల్లి, అనంతపురం లాంటి చోట్ల ఖైదీలు వ్యవసాయం చేసే ఓపెన్ జైళ్లున్నాయి. ఎక్కడైనా సరే, మట్టిలో దిగే మనిషికి కాళ్లకు మూసి ఉండే చెప్పులు, పొలం గట్టున మరుగుదొడ్డి ఉండాలి.

పురుగులున్నట్టు ఎలా తెలుస్తుంది?

చాలామందికి తెలియదు. తిన్నది ఒంటికి పట్టకపోవడం, కడుపులో తిప్పడం, నీరసం, మెట్లెక్కితే ఆయాసం, కనురెప్ప లోపల పాలిపోవడం. కష్టపడి బతికే మనిషి ఇదంతా పనివల్లే అనుకుంటాడు. కొంతమందికి మట్టి, సుద్ద, బియ్యం తినాలనిపిస్తుంది. అది రక్తం తగ్గిన గుర్తు.

సీబీపీ అనే రక్తపరీక్ష రిపోర్టులో ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు ఎక్కువున్నాయంటే మనవాళ్లు వెంటనే "ఇస్నోఫిలియా, దగ్గు, ఆయాసం" అంటారు. వీధిలో బతికే మనిషికి అలా వచ్చిందంటే మలపరీక్ష కూడా చేయించండి. ఒక్కరోజు మలం చూసి ఏమీ లేవనడానికి లేదు. జియార్డియా ఒకరోజు కనిపించి మర్నాడు కనిపించదు. రోజు విడిచి రోజు మూడు డబ్బాలు తీసుకోవడం పద్ధతి. మూడు రోజులూ అదే మనిషి అదే చోట దొరకడం ఫుట్‌పాత్ మీద కష్టం. అందుకని వచ్చిన రోజే డాక్టర్ లక్షణాలు చూసి మందు మొదలుపెడతారు, అదే సరైన పని.

ఆర్నెల్లకోసారి ఒక మాత్ర వేస్తే సరిపోదా?

ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒక్క మాత్ర ఏలికపాముల్ని బాగా దులిపేస్తుంది, కొంకిపురుగుల్ని చాలావరకు. కొరడా పురుగుకి ఒక్క మాత్ర చాలదు. అమీబాకి ఒక్క మాత్ర ఏమీ చేయదు, జియార్డియాకి ఆల్బెండజోల్ రోజులపాటు వాడితేనే గుణం. ఈ రెండింటికీ మెట్రోనిడజోల్, టినిడజోల్ లాంటివి వాడతారు. మాత్ర వేసినా విరేచనాలు తగ్గలేదని షెల్టర్లలో వచ్చే ఫిర్యాదుకు సగం కారణం ఇదే.

మందు వేసి మళ్లీ అదే పట్టాల పక్కకి పంపితే కొన్ని నెలల్లో కడుపు మళ్లీ నిండుతుంది. అయినా మాత్ర వృథా కాదు. ఆ కొన్ని నెలలు ఒంట్లో రక్తం నిలుస్తుంది, మట్టిలోకి వెళ్లే గుడ్లు తగ్గుతాయి. కానీ మాత్రతోపాటు రాత్రి తెరిచి ఉండే మరుగుదొడ్డి, కుళాయి రాకపోతే మనం పురుగును చంపి దాని ఇంటిని వదిలేసినట్టే. ఎన్నేళ్లు ఎన్ని శిబిరాలు పెట్టినా నాకు కనిపించింది ఇదే.

మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మద్యం తాగకూడదంటారు. రోజూ తాగేవాళ్లకి ఎలా?

తాగితే వాంతులు, గుండెదడ, ముఖం ఎర్రబారడం రావచ్చని జాగ్రత్త చెబుతారు. తాగే అలవాటు దాచకుండా డాక్టర్‌కి చెప్పాలి, వింటున్నవాళ్లు మొహం చిట్లించకూడదు. ఐదారు రోజుల కోర్సు బదులు తక్కువ రోజుల మందు కుదురుతుందేమో డాక్టర్ చూస్తారు. ఆ రోజులూ తాగకూడదన్న జాగ్రత్త అలాగే ఉంటుంది. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. అదీ ప్రమాదమే.

బళ్లో నులిపురుగుల మాత్రలు ఇస్తారు కదా, పెద్దవాళ్లకి ఎందుకివ్వరు?

2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం కింద ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న 1 నుంచి 19 ఏళ్లవాళ్లకి బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఇస్తారు. చాలా మంచి కార్యక్రమం. బడికి వెళ్లని పిల్లల్ని అంగన్‌వాడీకి పిలిచి వేయాలన్న నియమం కూడా ఉంది. ఫుట్‌పాత్ పిల్లలకి ఆ రోజు ఎప్పుడో చెప్పేవాళ్లుంటే వాళ్లకీ అందుతుంది.

పెద్దవాళ్ల సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలా సామూహికంగా మాత్రలు వేయమన్న జాబితాలో పిల్లలు, పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లు, టీ తోటల్లో గనుల్లో పనిచేసే పెద్దవాళ్లు ఉన్నారు. ఇల్లు లేనివాళ్ల పేరు, ఖైదీల పేరు అందులో లేవు. బోదకాలు ఉన్న జిల్లాల్లో డీఈసీ అనే మందుతో కలిపి ఆల్బెండజోల్ పెద్దవాళ్లకీ ఇస్తారు, అదీ ఇంటింటికీ వచ్చి. తట్టడానికి తలుపు లేనివాడి దగ్గరికి ఎవరొస్తారు? 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివాళ్లు 17 లక్షల 70 వేలకు పైనే. వాళ్లు పడుకునే చోట్లకి రాత్రి తొమ్మిది తర్వాత వెళ్లే బృందం ఒకటి వేస్తే చాలు. ఆ మాత్ర ఖరీదైనదేమీ కాదు.

స్టెరాయిడ్లు వాడేముందు పురుగులు చూసుకోవాలంటారు. ఎందుకు?

స్ట్రాంగిలాయిడ్స్ అని ఒక పురుగుంది. ఇదీ కాళ్లలోంచే దూరుతుంది. మిగతావి వయసైపోయి చస్తాయి. ఇది మనిషి ఒంట్లోనే మళ్లీ మళ్లీ పిల్లల్ని పెడుతూ పదుల సంవత్సరాలు ఉండిపోతుంది. పైకి ఏమీ తెలియదు, మలపరీక్షలోనూ సులువుగా దొరకదు. ఆ మనిషికి ఆస్తమాకో, కీళ్లకో, ఇంకో జబ్బుకో స్టెరాయిడ్ ఇస్తే, ఒంట్లో కాపలా తగ్గి పురుగులు ఊపిరితిత్తులకు, రక్తంలోకి, మెదడుకు పాకొచ్చు. ప్రాణం పోవచ్చు. కోవిడ్ రోజుల్లో డెక్సామెథసోన్ విరివిగా వాడినప్పుడు ప్రపంచమంతా డాక్టర్లు ఈ విషయం గుర్తుచేసుకున్నారు.

దీనికి మందు ఐవర్‌మెక్టిన్, బరువును బట్టి. ఒక్క ఆల్బెండజోల్ పనిచేయదు. ఏళ్ల తరబడి వట్టికాళ్లతో తిరిగినవాళ్లు డాక్టర్ స్టెరాయిడ్ రాస్తున్నారంటే "నేను బయటే పడుకునేవాణ్ని" అన్న ఒక్క మాట చెప్పండి. సిగ్గుపడొద్దు.

మూర్ఛ ఉన్నవాళ్లు పురుగుల మందు వేసుకోవచ్చా?

డాక్టర్‌ని అడక్కుండా వద్దు. పంది బద్దెపురుగు గుడ్లు నోట్లోకి వెళ్తే మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ రావచ్చు. మందుతో ఆ తిత్తులు చిట్లి వాచి ఫిట్స్ ఎక్కువ కావచ్చు. పంది మాంసం ముట్టనివాళ్లకీ ఈ తిత్తులు వస్తాయి, ఎందుకంటే గుడ్లు వచ్చేది ఇంకొక మనిషి మలంలోంచి. వందల మందికి వండే జైలు వంటశాలలో, షెల్టర్ వంటగదిలో పనిచేసేవాళ్లకి మలపరీక్ష, గోళ్లు తీయడం, దొడ్డికెళ్లొచ్చాక సబ్బు పట్టుబట్టి చేయించాలనేది ఇందుకే.

మావాడు జైల్లో ఉన్నాడు. ములాఖత్‌లో విరేచనాలంటున్నాడు. ఎవరికి చెప్పాలి?

ముందు అతన్నే జైలు డాక్టర్‌కి చూపించమని అడగమనండి. ఒంట్లో బాగాలేదన్న ఖైదీ మాటను ఆలస్యం లేకుండా జైలర్‌కి చేర్చాలని 1894 జైళ్ల చట్టంలోనే ఉంది. జైల్లో అడుగుపెట్టగానే వైద్యపరీక్ష చేయాలనీ ఉంది. బయట జనానికి అందే స్థాయి వైద్యం ఖైదీకి ఉచితంగా అందాలని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాల్లో 24వది చెబుతోంది.

అడిగినా చూడకపోతే మీరు సూపరింటెండెంట్ పేరున తెల్లకాగితం మీద రాసివ్వండి. ఎన్ని రోజుల నుంచి, రోజుకు ఎన్నిసార్లు, రక్తం పడుతోందా, జ్వరం ఉందా, ఇవి రాయండి. కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. రిమాండ్‌లో ఉంటే వాయిదా రోజున, వీడియోలో హాజరుపరిచినా సరే, మేజిస్ట్రేట్‌కి నోటితో చెప్పొచ్చు. లాయర్‌కి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేయొచ్చు. రక్తం పడుతున్నా, కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా బయటి ఆసుపత్రికి పంపమని గట్టిగా అడగండి.

ఒక తల్లి నా దగ్గరికి మాత్రలు పట్టుకొచ్చి, ములాఖత్‌లో ఇవ్వనివ్వలేదని ఏడ్చింది. బయటి మందులు నేరుగా ఇవ్వనివ్వరు. ఆ ఆశతో రోజులు పోగొట్టుకోకుండా పాత చీటీ జిరాక్స్ మాత్రం ఇచ్చి జైలు డాక్టర్‌కి చేర్చమనండి.

తల్లితోపాటు జైల్లో ఉన్న చిన్నపిల్లలకి?

ఆరేళ్లలోపు పిల్లలు తల్లి దగ్గర ఉండొచ్చు. వాళ్ల తిండి, వైద్యం, క్రెష్ ఎలా ఉండాలో 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాది నిండిన పిల్లలకి ఫిబ్రవరి, ఆగస్టు మాత్రలు వేయాలి, రెండేళ్లలోపు అయితే సగం మాత్ర నలిపి. గర్భిణులకి మొదటి మూడు నెలలు వద్దు. నాలుగో నెల వచ్చాక డాక్టర్ చెబితే వేస్తారు.

జైల్లో దొడ్లు ఎవరు కడగాలి?

కులాన్ని బట్టి మాత్రం కాదు. కొన్ని కులాలవాళ్లకే పాకీపని అప్పగించే జైలు నియమాలు రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. పురుగుల వైపు నుంచి చూసినా, వట్టి చేతులతో మలం ఎత్తేవాడికే ముందు జబ్బు. ఎవరు చేసినా చేతికి గ్లౌజులు, కాలికి బూట్లు, పని అయ్యాక సబ్బు, స్నానానికి నీళ్లు ఇవ్వాలి.

మేం షెల్టర్ నడుపుతున్నాం. పెద్దగా నిధుల్లేవు. ముందు ఏం చేయమంటారు?

జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనలు లక్ష జనాభాకి వందమంది పట్టే షెల్టర్, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలన్నాయి. చాలాచోట్ల అంత ఉండదని తెలుసు. ఉన్నంతలో ముందు మరుగుదొడ్డికి రాత్రి తాళం వేయకండి. కుళాయి దగ్గర సబ్బు కట్టేసి పెట్టండి. మాయమవుతుందనిపిస్తే పాత మేజోడులో వేసి కుళాయికి వేలాడదీయండి. మేం అలాగే చేశాం, నెలంతా ఉంది. శానిటైజర్ సీసా దానికి బదులు కాదు, పురుగు గుడ్లను అది చంపదు, నీళ్లతో తోమితేనే పోతాయి. తాగేనీళ్లు మరిగించండి. మామూలు క్లోరిన్‌కి అన్నీ చావవు. తొట్టిలో గ్లాసు ముంచనివ్వకుండా కుళాయి ఉన్న డ్రమ్ము పెట్టండి. గోళ్ల కత్తెర ఒకటి. తలుపు దగ్గర చెప్పులకి పేరు రాసిన అరలు పెడితే రాత్రి లేచినప్పుడు వేసుకుంటారు.

అమెరికాలో శాన్ డియేగోలో 2016 నుంచి 2018 వరకు హెపటైటిస్-ఎ వ్యాపించి 592 మందికి సోకింది, 20 మంది చనిపోయారు. బాధితుల్లో చాలామంది ఇల్లు లేనివాళ్లు. అది పురుగు కాదు, వైరస్. కానీ వచ్చిన దారి మలం నుంచి చేతికి, చేతి నుంచి నోటికి. టీకాలతోపాటు ఆ నగరం చివరికి చేసిన పని వీధుల్లో చేతులు కడుక్కునే తొట్లు పెట్టడం, మరుగుదొడ్లు తెరిచి ఉంచడం.

ఆధార్ లేదు. ఎక్కడ చూపించుకోవాలి?

హైదరాబాద్‌లో అయితే దగ్గర్లోని బస్తీ దవాఖానా, మిగతా పట్టణాల్లో పట్టణ ఆరోగ్య కేంద్రం. చాలాచోట్ల పేరు, వయసు చెబితే ఓపీ చీటీ రాస్తారు. కాగితాలడిగి పంపించేస్తే మెడికల్ ఆఫీసర్‌ని నేరుగా కలవండి. షెల్టర్ మనిషి ఎవరైనా తోడొస్తే పని తొందరగా అవుతుంది. ఆల్బెండజోల్, ఐరన్ మాత్రలు అక్కడ ఉచితం.

బెయిలొచ్చింది. బయటికొస్తున్నాడు. ఏం చూసుకోవాలి?

లోపల మొదలుపెట్టిన మందు ఉంటే ఆ చీటీ, మిగిలిన మాత్రలు అడిగి తెచ్చుకోమనండి. గేటు దగ్గర అడగడం అందరూ మర్చిపోతారు. వారంలోపు మలపరీక్ష, సీబీపీ చేయించండి. హిమోగ్లోబిన్ తక్కువుంటే పురుగుల మందు ఒక్కటే చాలదు, ఐరన్ మాత్రలు కనీసం మూడు నెలలు వాడాలి. మలం నల్లగా వస్తుంది, భయపడొద్దు. ఇంట్లో పిల్లలుంటే గోళ్లు తీయించి, తెచ్చుకున్న దుప్పటి వేడినీళ్లలో వేయండి. ఇల్లే లేకుండా బయటికొచ్చేవాడైతే, ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడో ముందే షెల్టర్‌కి ఫోన్ చేసి మాట్లాడి పెట్టండి. సాయంత్రం ఆలస్యంగా వదిలితే షెల్టర్ నిండిపోయి ఉంటుంది.